సాదాపాఠ్యం నుంచి పిడిఎఫ్ స్లైడు వరకు: తెలుగు బోధన, పరిశోధనల్లో గుర్తుల రచనాపద్ధతి - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

విశ్వవిద్యాలయాల్లో మౌఖిక పరీక్షలకూ సదస్సులకూ తరగతి బోధనకూ నేడు స్లైడ్లు తప్పనిసరి అయ్యాయి. వాటిని తెరమీద అమర్చి తయారుచేయడం ఒక పద్ధతి. కొద్దిపాటి గుర్తులతో సాదాపాఠ్యంగా రాసి, కోడు ద్వారా పిడిఎఫ్‌గా రూపొందించడం మరొక పద్ధతి. గణితశాస్త్ర ముద్రణ అవసరాల నుంచి పుట్టిన ఈ రెండో పద్ధతి తెలుగుకు ఆలస్యంగా అందింది. ఆ ఆలస్యానికి కారణం తెలుగు లిపి స్వభావం కాదని, తెలుగు అక్షరాన్ని యంత్రంలో నిలువ చేసిన తీరేనని ఈ వ్యాసం నిరూపించే ప్రయత్నం చేస్తుంది. టెక్ నుంచి పాండాక్ వరకు సాగిన సాంకేతిక పరిణామాన్నీ, ఆర్.టి.ఎస్. నుంచి యూనికోడు వరకు సాగిన తెలుగు పరిణామాన్నీ సమాంతరంగా పరిశీలించి, చింతలపూడి ప్రాంతానికి చెందిన బోధనాంశాలను ఉదాహరణలుగా తీసుకొని, ఈ పద్ధతి ప్రయోజనాలనూ పరిమితులనూ అంచనా వేస్తుంది.

కీలకపదాలు: సాదాపాఠ్యం, గుర్తుల రచన, పిడిఎఫ్, టెక్, బీమర్, మార్క్‌డౌన్, పాండాక్, ఆర్.టి.ఎస్., యూనికోడు, తెలుగు ఖతులు, చింతలపూడి, గుంటుపల్లి.

1. ఉపోద్ఘాతం

చింతలపూడి ఏలూరు జిల్లాలోని మెట్ట ప్రాంతపు పట్టణం. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగేవరకు ఇది పశ్చిమ గోదావరి జిల్లాలో, నూజివీడు కృష్ణా జిల్లాలో ఉండేవి. ఇప్పుడు రెండూ ఒకే జిల్లాలోకి వచ్చాయి. మామిడి తోటలకు పేరుపొందిన ఈ నేలమీద విద్యాపరంగా చెప్పుకోదగిన ప్రయోగం ఒకటి జరిగింది. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం తన ప్రాంగణాల్లో ఒకదాన్ని నూజివీడులో నెలకొల్పింది. పదో తరగతి పూర్తిచేసిన గ్రామీణ విద్యార్థులను ఆరేళ్ల సమీకృత చదువులో చేర్చుకొని, లాప్‌టాప్ ఆధారంగా బోధించడం ఆ సంస్థ ప్రత్యేకత. పాఠం నల్లబల్ల మీదినుంచి తెరమీదికి మారడాన్ని ఈ ప్రాంతం దగ్గరగా చూసింది.

తెరమీదికి వచ్చిన పాఠం ఏ రూపంలో నిలువ ఉంటుందన్న ప్రశ్న మాత్రం ఎక్కువగా చర్చకు రాలేదు. చింతలపూడి వంటి పట్టణంలో చరిత్ర లేదా తెలుగు బోధించే అధ్యాపకుడు పదేళ్ల కిందట తయారుచేసుకున్న స్లైడ్లను ఇవాళ కొత్త కంప్యూటరులో తెరిచినప్పుడు, తెలుగు అక్షరాల స్థానంలో అర్థంలేని రోమను అక్షరాలు కనిపించడం సాధారణానుభవం. పాఠం పోలేదు, ఖతి పోయింది. అయితే ఖతి లేకపోతే పాఠాన్ని చదవలేని స్థితి ఎందుకు ఏర్పడింది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి స్లైడు చరిత్రనూ తెలుగు అక్షరసంకేతాల చరిత్రనూ కలిపి చదవాలి.

2. గుర్తుల రచన: అచ్చుశాల నుంచి కంప్యూటరు వరకు

రాతప్రతి మీద అచ్చుకు సంబంధించిన సూచనలు రాయడం కొత్త విషయం కాదు. సీసపు అక్షరాల కాలంలో సంపాదకుడు రాతప్రతి అంచులో ఏది శీర్షిక, ఏది ఉపశీర్షిక, ఏ పాదాన్ని లోపలికి జరపాలి, ఏ మాటను లావుపాటి అక్షరాల్లో కూర్చాలి అని గుర్తులు పెట్టేవాడు. కంపోజిటరు ఆ గుర్తులను చదివి పుట కూర్చేవాడు. రచయిత చెప్పేది విషయం, గుర్తు చెప్పేది దాని హోదా, కంపోజిటరు ఇచ్చేది రూపం. ఈ మూడు పనులూ ముగ్గురివి కావడం వల్ల, ఒకే రాతప్రతి వేర్వేరు ముద్రణల్లో వేర్వేరు రూపాలు ధరించినా విషయం చెక్కుచెదరలేదు.

కంప్యూటరు ఈ విభజనను మొదట్లో నిలుపుకుంది. 1969లో ఐబిఎం సంస్థలో గోల్డ్‌ఫార్బ్, మోషర్, లోరీ రూపొందించిన జిఎంఎల్ అనే గుర్తులభాష, దస్తావేజులోని ప్రతి భాగానికీ అది ఏమిటో చెప్పే గుర్తు పెట్టింది. దాని వారసత్వంగా వచ్చిన ఎస్‌జిఎంఎల్ 1986లో అంతర్జాతీయ ప్రమాణమైంది. మరోవైపు స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు డొనాల్డ్ క్నూత్ తన కంప్యూటరు శాస్త్ర గ్రంథం రెండో సంపుటం కొత్త కూర్పు ప్రూఫులు చూసి, అక్షరాల నాణ్యత నచ్చక, 1977లో టెక్ అనే అక్షరకూర్పు వ్యవస్థను ఆరంభించాడు. అక్షరరూపాలను గీయడానికి మెటాఫాంట్ అనే తోడు భాషను కూడా ఆయనే నిర్మించాడు. 1980ల మధ్యలో లెస్లీ లాంపోర్ట్ టెక్ మీద లేటెక్‌ను కట్టాడు. అధ్యాయం, విభాగం, పట్టిక, పాదసూచిక వంటి తార్కిక భాగాలను రచయిత పేర్కొంటే, వాటి రూపాన్ని వ్యవస్థ నిర్ణయిస్తుంది. అచ్చుశాలలోని పాత పనివిభజనే ఇక్కడ మళ్లీ కనిపిస్తుంది. అయితే ముగ్గురి పనినీ ఇప్పుడు ఒకే వ్యక్తి, వేర్వేరు దశల్లో చేస్తాడు.

వ్యక్తిగత కంప్యూటర్ల వ్యాప్తితో ఈ విభజన చెదిరింది. తెరమీద కనిపించేదే కాగితం మీదికి వచ్చే పద్ధతి ప్రజాదరణ పొందింది. అందులో శీర్షిక అంటే పెద్ద అక్షరం, అంతే. అది శీర్షిక అన్న సమాచారం దస్తావేజులో ఉండవచ్చు, ఉండకపోవచ్చు. తెలుగు డి.టి.పి. ఈ వాతావరణంలోనే ఎదిగింది.

3. స్లైడు పరిణామం: పారదర్శక పత్రం నుంచి పిడిఎఫ్ వరకు

తొలి స్లైడ్లు పారదర్శక పత్రాలు. కాంతిని పైనుంచి గోడమీదికి ప్రసరింపజేసే యంత్రంపై వాటిని ఒకదాని మీద ఒకటి పరిచేవారు. లేటెక్‌తో పాటే వచ్చిన స్లైటెక్ ఈ అవసరానికి పుట్టింది. ఒక్కో రంగుకు ఒక్కో పొరను వేరుగా అచ్చువేసి, పత్రాలను కలిపి చూపే ఏర్పాటు అందులో ఉంది. 1987లో మాకింతోష్ మీద పవర్‌పాయింట్ వెలువడింది, అదే ఏడాది మైక్రోసాఫ్ట్ దాన్ని కొనుగోలు చేసింది. అప్పటినుంచి స్లైడు తయారీ అంటే పెట్టెలను తెరమీద జరిపి అమర్చే పని అనే భావన స్థిరపడింది.

1993లో అడోబీ సంస్థ విడుదలచేసిన పిడిఎఫ్ ఈ చరిత్రను మరో మలుపు తిప్పింది. ఏ యంత్రంలో తెరిచినా పుట ఒకేలా కనిపించాలన్నది దాని లక్ష్యం. ఖతిని దస్తావేజులోనే పొదిగి పంపే వీలు దీనికి ఉంది. 2008లో ఇది అంతర్జాతీయ ప్రమాణమైంది. వియత్నాంకు చెందిన హాన్ థే థాన్, చెక్ దేశంలోని బ్రనో నగరపు మాసరిక్ విశ్వవిద్యాలయంలో చేసిన పరిశోధన ఫలితంగా టెక్ నుంచి నేరుగా పిడిఎఫ్ వెలువరించే పిడిఎఫ్‌టెక్ వచ్చింది. దీంతో టెక్‌లో రాసిన పాఠం కాగితాన్ని దాటి తెరను చేరింది.

ఈ దశలో దక్షిణ భారతదేశపు పాత్ర గమనింపదగినది. 1998లో తిరువనంతపురం కేంద్రంగా భారతీయ టెక్ వినియోగదారుల సంఘం ఏర్పడింది. దాని నిర్మాతల్లో ఒకరైన సి.వి. రాధాకృష్ణన్ రాసిన పిడిఎఫ్‌స్క్రీన్ అనే ప్యాకేజీ, లేటెక్ దస్తావేజును తెరకు తగిన అడ్డపుటలుగా మార్చి, పక్కన విషయసూచికనూ ముందువెనుకలకు కదిలే బటన్లనూ అమర్చింది. 2002 సెప్టెంబరులో అంతర్జాతీయ టెక్ వినియోగదారుల వార్షిక సమావేశం తిరువనంతపురంలోనే జరిగింది. పొరుగు రాష్ట్రంలో ఇంత పని జరుగుతున్న కాలంలో తెలుగునాట అక్షరకూర్పు దాదాపు పూర్తిగా డి.టి.పి. చేతుల్లో ఉంది.

2003 ఫిబ్రవరిలో జర్మనీకి చెందిన టిల్ టాంటౌ తన పిహెచ్.డి. మౌఖిక పరీక్ష కోసం లేటెక్‌లో కొన్ని ఆదేశాలు రాసుకున్నాడు. సహోద్యోగుల కోరికపై నెల తరువాత వాటిని బహిరంగపరిచాడు. అదే బీమర్. ఇది పరిశోధక విద్యార్థి అవసరం నుంచి పుట్టిన పరికరం కావడం యాదృచ్ఛికం కాదు. సిద్ధాంతగ్రంథంలోని సూత్రాలూ పట్టికలూ ఉదాహరణలూ స్లైడ్లలోకి మళ్లీ టైపు చేయకుండా రావాలన్నదే దాని వెనుక ఉన్న అవసరం. బీమర్‌లో ఒక్కో స్లైడుకు ఆరంభ, అంత్య గుర్తులు ఉంటాయి. అంశాలను ఒక్కొక్కటిగా తెరమీదికి తెచ్చే ఏర్పాటు ఉంటుంది. విభాగాల పేర్లను బట్టి విషయసూచిక దానంతటదే తయారవుతుంది.

అయినా లేటెక్ ఆదేశాలు మానవీయశాస్త్రాల వారికి భారమే. 2004లో జాన్ గ్రూబర్, ఆరన్ స్వార్ట్జ్ సహకారంతో రూపొందించిన మార్క్‌డౌన్ ఆ భారాన్ని తగ్గించింది. వరుస మొదట ఒక చిహ్నం పెడితే శీర్షిక, అడ్డగీత పెడితే జాబితాలో ఒక అంశం. గుర్తులు ఉన్నా పాఠ్యం చదవడానికి అడ్డురావు. 2006లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలోని తత్త్వశాస్త్ర ఆచార్యుడు జాన్ మెక్‌ఫార్లేన్ పాండాక్ అనే మార్పిడి సాధనాన్ని విడుదల చేశాడు. ఒక గుర్తులభాషలోని దస్తావేజును మరో రూపంలోకి మార్చడం దాని పని. కాలక్రమంలో అది మార్క్‌డౌన్ పాఠ్యాన్ని బీమర్ స్లైడ్లుగా, వెబ్‌పుటగా, వర్డ్ దస్తావేజుగా, పవర్‌పాయింట్‌గా కూడా మార్చగల స్థాయికి ఎదిగింది. దీని కర్త తత్త్వశాస్త్ర అధ్యాపకుడన్న విషయం, ఈ పద్ధతి గణితజ్ఞుల సొత్తు అన్న అభిప్రాయాన్ని సవరిస్తుంది.

4. తెలుగు అక్షరం నడిచిన దారి

తెలుగు లిపికి విదేశాల్లో సాంకేతిక రూపం ఇవ్వడం పాత సంప్రదాయమే. బెంజమిన్ షుల్జ్ 1746-47 ప్రాంతంలో జర్మనీలోని హాలే నగరంలో తెలుగు పుస్తకాలు అచ్చువేయించాడు. కంప్యూటరు యుగంలోనూ తొలి సాదాపాఠ్య ప్రయత్నాలు ప్రవాసంలోనే జరిగాయి.

4.1 ఆర్.టి.ఎస్.: అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద్ కిశోర్ రూపొందించిన లిప్యంతరీకరణ పద్ధతి ఆర్.టి.ఎస్. సాధారణ కీబోర్డు మీది రోమను అక్షరాలతోనే తెలుగు రాయడం దీని ఉద్దేశం. చిన్న అక్షరం 'టి' కి త, పెద్ద అక్షరం 'టి' కి ట. అలాగే చిన్న 'ఎన్' కు న, పెద్ద 'ఎన్' కు ణ. 1990లలో అంతర్జాల చర్చాసమూహాల్లో తెలుగువారు పద్యాలూ వ్యాసాలూ ఈ లిపిలో రాసుకున్నారు. 1998లో ఆరంభమైన ఈమాట వంటి పత్రికల నేపథ్యంలో ఈ సంప్రదాయం ఉంది. ఆర్.టి.ఎస్. అచ్చమైన సాదాపాఠ్యం. అందువల్లనే ఆ రోజుల్లో రాసిన పాఠ్యాలను తరువాత యూనికోడులోకి నియమబద్ధంగా మార్చడం సాధ్యమైంది.

4.2 తెలుగుటెక్: ఇదే కాలంలో మెటాఫాంట్‌లో గీసిన తెలుగు ఖతితో తెలుగుటెక్ వచ్చింది. రోమనులో రాసిన పాఠ్యాన్ని ముందుగా ఒక ప్రోగ్రాం చదివి, గుణింతాలనూ ఒత్తులనూ టెక్ ఆదేశాలుగా మార్చి ఇచ్చేది. అవినాశ్ చోప్డే రూపొందించిన ఐట్రాన్స్ కూడా అనేక భారతీయ భాషలకు ఈ మార్గాన్నే అనుసరించింది. సాదాపాఠ్యం నుంచి కోడు ద్వారా తెలుగు పుట రావడం 1990ల తొలి ఏళ్లలోనే సాధ్యమైందన్నమాట. ఈ వాస్తవం ముఖ్యమైనది. లిపి సంక్లిష్టత వల్లనే తెలుగు వెనుకబడిందన్న వాదన దీని ముందు నిలవదు.

4.3 డి.టి.పి. ఖతులు: తెలుగునాట వ్యవహారంలోకి వచ్చినది మాత్రం మరో మార్గం. అను వంటి డి.టి.పి. ఖతుల్లో తలకట్టు, గుడి, కొమ్ము, ఒత్తు వంటి అక్షరఖండాలను రోమను అక్షరాల స్థానాల్లో ఉంచారు. టైపు చేసేవారికి తెరమీద తెలుగు కనిపిస్తుంది, దస్తావేజులో నిలిచేది రోమను సంకేతాలు. ఖతికి ఖతికి ఈ అమరిక వేరు. పత్రికలకూ ప్రచురణకర్తలకూ ఇది ఎంతో మేలు చేసింది. తెలుగు అచ్చుకు వేగం, వైవిధ్యం వచ్చాయి. అచ్చు కాగితం అంతిమ గమ్యమైనంత కాలం లోపం కనిపించలేదు. గమ్యం తెర, అన్వేషణ, పునర్వినియోగం అయినప్పుడు బయటపడింది. ఆర్.టి.ఎస్. కంటికి తెలుగు కాదు, యంత్రానికి తెలుగు. డి.టి.పి. పాఠ్యం కంటికి తెలుగు, యంత్రానికి కాదు.

4.4 ఇస్కీ, యూనికోడు: భారతీయ లిపులన్నిటికీ ఉమ్మడి సంకేతాలు ఇచ్చే ఇస్కీ 1991లో భారతీయ ప్రమాణంగా వచ్చింది. అదే ఏడాది వెలువడిన యూనికోడు తొలి కూర్పు, 1988 నాటి ఇస్కీ అమరికను అనుసరించి, తెలుగుకు 128 స్థానాల విభాగాన్ని కేటాయించింది. ఇందులో సంకేతం అక్షరానికి చెందుతుంది, అక్షరఖండానికి కాదు. 'చింతలపూడి' అన్న పేరులో ఐదు అక్షరాలు, తొమ్మిది సంకేతాలు ఉన్నాయి. ఏ ఖతిలో చూపినా ఆ తొమ్మిదీ మారవు.

ప్రమాణం ఉన్నంత మాత్రాన వాడుక రాదు. విండోస్ ఎక్స్‌పితో గౌతమి ఖతి వచ్చింది. తిరుమల కృష్ణ దేశికాచారి పోతన, వేమన ఖతులను ఉచితంగా అందించారు. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. వికీ పాఠ్యం కూడా గుర్తులతో కూడిన సాదాపాఠ్యమే కనుక, వేలాది తెలుగువారు తమకు తెలియకుండానే ఈ రచనాపద్ధతిని అభ్యసించారు. వీవెన్ రూపొందించిన లేఖిని ఆర్.టి.ఎస్. అలవాటును యూనికోడుతో కలిపింది. నాగార్జున వెన్న రూపొందించిన పద్మ, పాత ఖతుల పాఠ్యాన్ని యూనికోడులోకి మార్చింది. సిలికానాంధ్ర వెలువరించిన మండలి, రామభద్ర, గిడుగు వంటి ఖతులు స్వేచ్ఛగా అందుబాటులోకి వచ్చాయి.

5. రెండు దారుల కలయిక: జీటెక్, లువాటెక్

క్నూత్ టెక్‌కు యూనికోడు తెలియదు, ఆధునిక ఖతుల్లోని సంయుక్తాక్షర నియమాలూ తెలియవు. 2004లో ఎస్.ఐ.ఎల్. సంస్థకు చెందిన జోనథన్ క్యూ విడుదల చేసిన జీటెక్ ఈ రెండు లోపాలనూ తీర్చింది. మొదట మాకింతోష్‌కే పరిమితమైన జీటెక్ 2006లో లినక్సుకూ, తరువాత ఇతర వ్యవస్థలకూ విస్తరించింది. యూనికోడులో తెలుగు రాసి, కంప్యూటరులో ఉన్న ఏ తెలుగు ఖతి పేరైనా పేర్కొని, ఒత్తులూ గుణింతాలూ సరిగా అమరిన పిడిఎఫ్ పొందడం దీనితో సులువైంది. మరో శాఖ అయిన లువాటెక్, హార్ఫ్‌బజ్ అనే అక్షరరూపణ సాధనంతో కలిసి 2020 నాటికి టెక్ పంపిణీల్లో చేరింది. పదాలను వరుస చివర విరవడానికి అవసరమైన తెలుగు నియమాలను మలయాళ భాషా సాంకేతిక నిపుణుడు సంతోష్ తొట్టింగల్ రూపొందించారు. తెలుగు అవసరాన్ని మళ్లీ పొరుగువారే తీర్చారు.

బీమర్ 2003లో, మార్క్‌డౌన్, జీటెక్ 2004లో, పాండాక్ 2006లో వచ్చాయి. అదే కాలంలో తెలుగు యూనికోడు ఖతులూ రచనాసాధనాలూ అందుబాటులోకి వచ్చాయి. అంటే 2000ల చివరికే కావలసిన సామగ్రి అంతా సిద్ధమైంది. లోపించినది బోధన.

6. పనితీరు: ఒక ఉదాహరణ

తోటల పెంపకం మీద తెలుగులో పాఠం చెప్పే అధ్యాపకుడు రాసుకునే సాదాపాఠ్యం ఇలా ఉండవచ్చు:

# నూజివీడు మామిడి

## ప్రధాన రకాలు

- చిన్న రసాలు, పెద్ద రసాలు
- బంగినపల్లి (2017లో భౌగోళిక గుర్తింపు)
- తోతాపురి (వ్యవహారంలో కలెక్టరు)

## చర్చకు ప్రశ్న

- రసాలు దూరపు మార్కెట్లకు ఎందుకు తక్కువగా వెళతాయి?

పాండాక్ ఈ దస్తావేజును చదివినప్పుడు మొదటి శీర్షికను విభాగంగా, దాని కింది రెండు శీర్షికలను రెండు స్లైడ్లుగా గుర్తిస్తుంది. శీర్షిక వెంటనే విషయం ఉంటే అది స్లైడు, మరో శీర్షిక ఉంటే అది విభాగం. ఆ నిర్మాణాన్ని బీమర్ ఆదేశాలుగా రాసి జీటెక్‌కు అందిస్తుంది. జీటెక్ ఖతిని తెరిచి, సంకేతాలను అక్షరరూపాలుగా మార్చి, పిడిఎఫ్ ఇస్తుంది. అధ్యాపకుడు చేయవలసినది ఒక్క ఆదేశం.

తెలుగు వాడేవారికి ఇక్కడ మూడు అవరోధాలు ఎదురవుతాయి. మొదటిది, పాండాక్ స్వతఃసిద్ధంగా పిలిచే పిడిఎఫ్‌టెక్ తెలుగు సంకేతాలను గుర్తించదు. జీటెక్ లేదా లువాటెక్ కావాలని స్పష్టంగా చెప్పాలి. రెండవది, బీమర్ సాధారణంగా సాన్స్ ఖతివర్గాన్ని వాడుతుంది. ప్రధాన ఖతిగా మాత్రమే తెలుగు ఖతిని పేర్కొంటే స్లైడ్లలో ఖాళీ గడులు కనిపిస్తాయి. సాన్స్ ఖతిగా కూడా తెలుగు ఖతినే పేర్కొనాలి. మూడవది, లిపి తెలుగు అని ఖతి అమరికలో చెప్పకపోతే ఒత్తులు కుదురుకోక, పొల్లులు విడివిడిగా కనిపించవచ్చు. ఈ మూడు అమరికలనూ ఒకసారి ఒక దస్తావేజులో భద్రపరచుకుంటే తరువాతి పాఠాలన్నిటికీ అదే చాలు.

కోడు ప్రయోజనం పెద్ద సామగ్రి ఉన్నచోట తెలుస్తుంది. చింతలపూడికి సమీపంలో, కామవరపుకోట మండలంలోని గుంటుపల్లి బౌద్ధక్షేత్రం శిలలో తొలిచిన వృత్తాకార చైత్యానికీ బ్రాహ్మీ శాసనాలకూ ప్రసిద్ధం. ఈ శాసనాలపై పనిచేసే పరిశోధకుడు ఒక్కో శాసనానికి మూలపాఠం, తెలుగు లిప్యంతరీకరణ, అర్థం, స్థలం, చిత్రం అనే గడులతో ఒక పట్టిక సిద్ధం చేసుకుంటాడనుకుందాం. చిన్న ప్రోగ్రాం ఆ పట్టికలోని ప్రతి వరుసకూ ఒక స్లైడు రాయగలదు. ఒక పాఠనిర్ణయం మారితే పట్టికలో ఒక్క గడి మార్చి మళ్లీ ఆదేశమిస్తే సరిపోతుంది. సిద్ధాంతగ్రంథపు అనుబంధమూ స్లైడూ ఒకే పట్టిక నుంచి వస్తాయి కనుక రెండింటి మధ్య పాఠభేదం తలెత్తదు. బ్రాహ్మీ లిపికి 2010లో యూనికోడు స్థానం లభించింది కాబట్టి శాసనపాఠాన్ని చిత్రంగా అతికించనక్కరలేదు, పాఠ్యంగానే రాయవచ్చు.

7. పిడిఎఫ్‌లోని తెలుగు: కనిపించేది, నిలిచేది

పిడిఎఫ్ రూపాన్ని భద్రపరుస్తుంది, పాఠ్యాన్ని భద్రపరుస్తుందని హామీ ఇవ్వదు. 'స్త్రీ' అన్న మాటను పరిశీలిస్తే ఇది అర్థమవుతుంది. యూనికోడులో దీని క్రమం స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘ గుడి, మొత్తం ఆరు సంకేతాలు. పుటమీద మాత్రం దీర్ఘ గుడి మొదటి హల్లయిన సకారం మీద కూర్చుంటుంది, తవత్తు, రావత్తు దాని వెంట వస్తాయి. పిడిఎఫ్‌లో అక్షరరూపాలు ఈ దృశ్యక్రమంలో నమోదవుతాయి. నకలు తీసినప్పుడు వాటిని తిరిగి సంకేతాలుగా మార్చే సాధనం ఈ క్రమాన్నే అనుసరిస్తే, గుడి ముందుకు జరిగి మాట చెడిపోతుంది. చూడటానికి నిర్దుష్టంగా ఉన్న పుటలో 'స్త్రీ' అని వెదికితే దొరకకపోవడానికి కారణం ఇదే.

దీనికి పరిష్కారం పిడిఎఫ్ ప్రమాణంలోనే ఉంది. అక్షరరూపాల సమూహం వెనుక అసలు పాఠ్యాన్ని దాచి ఉంచవచ్చు. 2016లో జీటెక్‌లో ఇందుకు ఒక అమరిక చేర్చారు. హార్ఫ్‌బజ్‌తో కూడిన లువాటెక్ మార్గంలోనూ ఈ ఏర్పాటు ఉంది. దీని అవసరం అన్వేషణకు మాత్రమే పరిమితం కాదు. తెరచదువరి సాఫ్ట్‌వేర్‌పై ఆధారపడే దృష్టిలోపం గల విద్యార్థికి పిడిఎఫ్‌లో దాగిన పాఠ్యమే పాఠం. అది చెడితే ఆ విద్యార్థికి పాఠమే లేదు.

పరిశోధనా రంగంలో ఈ సమస్య తీవ్రత మరింత ఎక్కువ. 2009లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం ఎలక్ట్రానిక్ రూపంలో సిద్ధాంతగ్రంథాల సమర్పణను నిర్దేశించింది. ఇన్‌ఫ్లిబ్‌నెట్ నిర్వహించే శోధ్‌గంగలో తెలుగు సిద్ధాంతగ్రంథాలు చేరాయి. డి.టి.పి. ఖతుల్లో కూర్చిన గ్రంథం అక్కడ చదవడానికి దొరుకుతుంది, లోపలి మాట మాత్రం వెదికితే దొరకదు. ఏళ్ల శ్రమతో సేకరించిన మాండలిక పదం, జానపద గేయం, గ్రామనామం తరువాతి పరిశోధకుడి అన్వేషణకు అందకుండా ఉండిపోతాయి. ఒక విషయంపై పని జరగలేదని భావించి అదే పనిని మళ్లీ చేసే ప్రమాదం ఇక్కడినుంచే పుడుతుంది.

8. పరిమితులు

ఈ పద్ధతి అన్ని సందర్భాలకూ తగినది కాదు. చిత్రాలు, బొమ్మలు, బాణపు గుర్తులు ఎక్కువగా ఉండే స్లైడ్లను తెరమీద చేతితో అమర్చడమే సులభం. టెక్ పంపిణీ స్థాపన పెద్దది, దోషసూచనలు ఆంగ్లంలో ఉంటాయి, పొరపాటు జరిగిన వరుసకూ సూచన కనిపించే వరుసకూ కొన్నిసార్లు పొంతన ఉండదు. తెలుగు అక్షరాలకు పైన గుణింతాలు, కింద ఒత్తులు ఉండటం వల్ల రోమను పాఠ్యానికి నిర్ణయించిన వరుసల ఎడం చాలదు, దాన్ని పెంచుకోవాలి. పెంచితే స్లైడుకు పట్టే వరుసలు తగ్గుతాయి. 2003లో ఎడ్వర్డ్ టఫ్టీ పవర్‌పాయింట్‌పై చేసిన విమర్శ, అంటే స్లైడు ఆలోచనను ముక్కలు చేస్తుందన్నది, సాదాపాఠ్యం నుంచి వచ్చిన స్లైడుకూ వర్తిస్తుంది. పరికరం మారినంత మాత్రాన వాదన బలపడదు.

అయితే గ్రామీణ కళాశాలల పరిస్థితుల్లో ఈ పద్ధతికి ఒక అనుకూలత ఉంది. 1500 పదాల పాఠానికి పదానికి సగటున 8 సంకేతాలు అనుకుంటే, ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు, పదాల నడుమ ఖాళీకి 1 బైటు చొప్పున మొత్తం 37,500 బైట్లు అవుతుంది. బలహీనమైన సెల్‌ఫోన్ సంకేతం మీద కూడా ఇది క్షణాల్లో చేరుతుంది. ఏ కంప్యూటరులోనైనా, లైసెన్సు లేని సాఫ్ట్‌వేర్‌తోనైనా తెరుచుకుంటుంది. కావలసిన సాధనాలన్నీ ఉచితం.

9. ముగింపు

పై పరిశీలన వల్ల ఈ కింది విషయాలు స్పష్టమవుతున్నాయి.

1. సాదాపాఠ్యం నుంచి కోడు ద్వారా తెలుగు పుటను రూపొందించే ప్రయత్నం 1990ల తొలి సంవత్సరాల్లోనే జరిగింది. తరువాతి జాప్యానికి లిపి కారణం కాదు. అచ్చునే అంతిమ గమ్యంగా ఎంచిన సంకేతవిధానం కారణం.

2. ఆర్.టి.ఎస్. పాఠ్యాలు తేలికగా యూనికోడులోకి మారగలిగాయి. డి.టి.పి. పాఠ్యాలకు ఖతిఖతికీ వేరు మార్పిడి సాధనం అవసరమైంది. రూపం కంటె సంకేతం మన్నిక గలదని ఈ అనుభవం చెబుతున్నది.

3. బీమర్ పరిశోధక విద్యార్థి చేతిలోనూ, పాండాక్ తత్త్వశాస్త్ర ఆచార్యుడి చేతిలోనూ పుట్టాయి. మానవీయశాస్త్రాల పరిశోధకులు ఈ పద్ధతిని తమకు సంబంధించనిదిగా భావించనక్కరలేదు.

4. యూనికోడులో రాసినప్పటికీ పిడిఎఫ్‌లోని పాఠ్యం చెడే అవకాశం ఉంది. సిద్ధాంతగ్రంథం సమర్పించే ముందు అందులోని నాలుగు సంయుక్తాక్షర పదాలను నకలు తీసి, అతికించి చూడటం ప్రతి పరిశోధకుడూ చేయదగిన కనీస పరీక్ష. పిడిఎఫ్‌తో పాటు మూల సాదాపాఠ్యాన్ని కూడా భద్రపరచడం సంస్థలు చేపట్టదగిన చర్య.

5. పరిశోధనా పద్ధతుల పాఠ్యప్రణాళికలో ఆకరసూచన, గ్రంథసూచిక నియమాలతో పాటు పాఠ్యసంకేతాల పరిచయం కూడా ఉండాలి. చింతలపూడిలో రాసిన పాఠం ఇరవై ఏళ్ల తరువాత అదే ఊళ్లో మరో అధ్యాపకుడికి చదవడానికి వీలుగా మిగలాలంటే, అది నేడు ఏ సంకేతాల్లో నిలిచిందన్నది తెలిసి ఉండటం అవసరం.